నలుగురికి ఒక్క ఫోను: ఛత్తీస్‌గఢ్ అనుభవం చెప్పే పాఠం

ముంబయి–హౌరా రైలు మార్గం మీద, ఉక్కు నగరం భిలాయిని ఆనుకుని ఉన్న ప్రాంతం భిలాయి-3. 1959లో ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. కర్మాగారంలోనో రైల్వేలోనో కొలువు కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ వినే పిల్లలు ఇక్కడ కనిపిస్తారు. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా బడులు మూతపడి, పాఠాలు ఫోనులోకి మారాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు డ్యూటీకి వెళ్లిపోతే పిల్లల చదువు ఏం కావాలి?

ఆ ఏడాది ఏప్రిల్ 7న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘పఢాయీ తుంహర్ దువార్’ పేరుతో ఆన్‌లైన్ చదువుల వేదికను ప్రారంభించింది. ‘మీ ముంగిటికే చదువు’ అని దాని అర్థం. అయితే ఫోను, నెట్‌వర్క్ రెండూ ఉన్న పిల్లలకే అది పూర్తిగా అందింది. ‘అసర్’ సర్వే ప్రకారం, 2020లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో బడిలో నమోదైన పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్లలోనే స్మార్ట్‌ఫోను ఉంది. 2018లో అది 36.5 శాతమే. పెరుగుదల పెద్దదే అయినా, ప్రతి పది మందిలో దాదాపు నలుగురు మిగిలిపోయారు.

వారి కోసం ‘పఢాయీ తుంహర్ పారా’ వచ్చింది. ‘పారా’ అంటే వాడ. వాడల్లో ఆరుబయట చిన్న చిన్న గుంపులుగా తరగతులు నడిచాయి. బస్తర్ వైపు లౌడ్‌స్పీకర్లలోనూ పాఠాలు వినిపించారు. ఇంటర్నెట్ లేని చోట్ల ‘బుల్టూ కే బోల్’ పేరుతో పాఠాల ఆడియోలను ఒక ఫోను నుంచి మరో ఫోనుకు పంపించారు. ‘బుల్టూ’ అంటే జనం నోట నలిగిన బ్లూటూత్. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసే బ్లూటూత్‌కు సిమ్ కార్డు గానీ డేటా ప్యాక్ గానీ అక్కర్లేదు. రెండు ఫోన్లు కొన్ని మీటర్ల దూరంలో ఉంటే చాలు.

పరికరాన్ని పంచుకోవడం లేమి వల్ల వచ్చిన సర్దుబాటు మాత్రమే కాదు. అంతకు కొన్నేళ్ల ముందే టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎం.ఐ.టి., టాటా ట్రస్టులు కలిసి ‘క్లిక్స్’ కార్యక్రమం చేపట్టాయి. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, రాజస్థాన్, మిజోరం రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇది నడిచింది. బడిలోనే ఉంచిన సర్వర్ నుంచి పాఠాలు వచ్చేవి కాబట్టి ఇంటర్నెట్ తెగిపోయినా తరగతి ఆగేది కాదు. ఒక్క కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు తమ పేర్లతో కలిసి లాగిన్ అయ్యే వీలుండేది. ఉపాధ్యాయులేమో టెలిగ్రామ్ గ్రూపుల్లో తమ అనుభవాలు, సందేహాలు పంచుకునేవారు. ఈ కార్యక్రమానికి 2017 సంవత్సరపు యునెస్కో పురస్కారం లభించింది.

కలిసి నేర్చుకుంటే మేలెందుకు? 2009లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీనికి కొంత జవాబు చెబుతుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం చదివే సుమారు 350 మంది విద్యార్థులకు ఒక ప్రశ్న వేసి, చేతిలోని మీటతో ఎవరికి వారే జవాబు ఇమ్మన్నారు. తర్వాత పక్కవారితో చర్చించి, అదే ప్రశ్నకు మళ్లీ జవాబివ్వమన్నారు. ఆ పైన అదే భావన మీద మరో ప్రశ్న వేసి, ఒంటరిగానే జవాబు చెప్పమన్నారు. సరైన జవాబులు పెరిగాయి. గుంపులో ముందుగా ఎవరికీ జవాబు తెలియనప్పుడు కూడా చర్చ వల్ల మేలు జరిగినట్లు పరిశోధకులు గుర్తించారు. తన మాటల్లో ఎదుటివారికి వివరించే ప్రయత్నంలోనే అర్థమయ్యేది ఎక్కువన్నమాట.

ఉక్కు నగరపు పిల్లలకు సరిపోయే ప్రయోగం ఒకటి చూద్దాం. నలుగురేసి పిల్లల జట్లు, జట్టుకు ఒక ఫోను. ఇనుప మేకుల్ని పొడి సీసాలో, మంచినీళ్లలో, ఉప్పునీళ్లలో విడివిడిగా ఉంచి, వారం రోజులు రోజుకో ఫోటో తీయాలి. ఏ మేకుకు ఎంత తుప్పు పట్టిందో తరగతి అంతటికీ ఉమ్మడిగా ఉన్న ఆన్‌లైన్ పట్టికలో నింపాలి. ఇలాంటి పట్టికలో ఒకేసారి పది మంది వేర్వేరు గడుల్లో రాసినా ఒకరి రాత మరొకరిది చెరపకుండా ప్రోగ్రాం చూసుకుంటుంది. ప్రతి మార్పూ ‘ఎక్కడ, ఏమిటి’ అనే చిన్న ఆదేశంగా సర్వర్‌కు చేరుతుంది. సర్వర్ వాటిని వరుసలో పెట్టి అందరి తెరల మీదా ఒకేలా చూపిస్తుంది.

ఒక జట్టు మేకు ఉప్పునీళ్లలోనూ తుప్పు పట్టలేదనుకోండి. పట్టిక చూడగానే తేడా బయటపడుతుంది. మేకుకు నూనె అంటిందా? జస్తా పూత ఉన్న మేకా? అసలు చదువు ఆ వాదనలోనే మొదలవుతుంది.

ఫోను చేతికివ్వగానే ఇదంతా జరిగిపోదు. ‘అసర్’ 2024 సర్వేలో, గ్రామీణ ప్రాంతాల్లోని 14–16 ఏళ్ల పిల్లల్లో స్మార్ట్‌ఫోను వాడటం తెలిసినవారిలో 57 శాతం మంది అంతకు ముందు వారంలో స్మార్ట్‌ఫోనును చదువు కోసం వాడామన్నారు. సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. అందుకే పని ఏమిటో, ఎంతసేపో, ఫోను ఎవరి చేతిలో ఉండాలో ఉపాధ్యాయులే ముందుగా నిర్ణయించాలి. ఫోను పట్టుకునే వంతు రోజూ మారాలి. లేకపోతే ఒకరు నేర్చుకుంటే ముగ్గురు చూస్తూ కూర్చుంటారు. ఇంట్లో ఫోను లేని పిల్లకు కూడా ఆ వంతు అందితేనే చదువు నిజంగా ముంగిటికి వచ్చినట్టు.