మోటారు తిరుగుతుంది, నీరు రాదు

అనంతపురం పీఠభూమిలో వేసవి ముదిరిన వేళ ఏ పల్లె రచ్చబండ దగ్గర నిలబడినా వినిపించే మాట ఒకటున్నది: “మోటరు తిరుగుతాంది గానీ నీళ్లు రాలేదు.” ఈ మాటలో సగం యంత్రానికి, సగం నేలకు చెందినది. లోపం ఏ సగంలో ఉన్నదో తేల్చుకొనడమే అసలు సమస్య. యంత్రంలో లోపముండగా నేలను అనుమానించి కొత్త బోరు వేయించినవాడు అప్పుల పాలవుతాడు. నేలలో నీరు లేకుండగా యంత్రాన్ని అనుమానించి పదే పదే విప్పించినవాడు కూలి చెల్లించి చెల్లించి, కడకు మోటారును కూడా కాల్చుకొంటాడు. కాపు మీదున్న చీనీ తోట ఈ విచారణ ముగిసేవరకు ఆగదు.

దోషాలను ఒక్కొక్కటిగా ఎంచి చూడడం ఈ సీమకు కొత్త విషయం కాదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువును విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మింపజేశాడు. అక్కడి 1369 నాటి సంస్కృత శాసనం చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను పేర్కొన్నది. కట్టలో నీరు ఊటగా కారిపోవడం, నేల చౌడుదై ఉండడం, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మెరక లేవడం, నీరు కొంచెమై పారవలసిన భూమి విస్తారం కావడం, నీరు విస్తారమై భూమి కొంచెం కావడం – ఇవి ఆ ఆరు. వీటిలో కట్టడపు లోపం ఒక్క ఊట మాత్రమే. తక్కినవన్నీ స్థలానికో, నీటి లెక్కకో సంబంధించినవి. పంపు విషయంలో కూడ ఇట్టి విభజనే అవసరం.

పంపు నీటిని లాగుతుందని మనం సామాన్యంగా అనుకొంటాం. నిజానికది లాగదు. బావి గట్టున ఉండే సెంట్రిఫ్యూగల్ పంపులో ఇంపెల్లరు అనే రెక్కల చక్రం గిర్రున తిరుగుతూ తనలోని నీటిని అంచుకు విసరుతుంది. అప్పుడు చక్రం నడుమ ఒత్తిడి తగ్గుతుంది. బావి నీటి మీద నిరంతరం బరువు మోపుతున్న వాతావరణం ఆ నీటిని సక్షన్ పైపు గుండా పైకి నెడుతుంది. కావున పంపు చేసేది చోటు కల్పించడమే. నీటిని దాని దగ్గరకు చేర్చేది మన నెత్తి మీది గాలి.

ఆ గాలి బలానికి ఒక మితి ఉన్నది. గెలీలియో 1638లో వెలువరించిన ‘రెండు నూతన శాస్త్రాలు’ గ్రంథంలో ఒక పాత్ర తన అనుభవం చెబుతుంది. ఒక నీటి తొట్టికి అమర్చిన పంపు కొంతకాలం చక్కగా పనిచేసి, నీటి మట్టం తగ్గగానే నిలిచిపోయింది. పంపు చెడిపోయినదని తలచి పనివాణ్ణి పిలిపించగా, లోపం పంపులో లేదనీ, నీరు అందరానంత లోతుకు దిగిపోయిందనీ అతడు చెప్పాడు. పద్దెనిమిది మూరలకు మించి ఎట్టి పంపూ నీటిని లేపజాలదని కూడ అన్నాడు. ఆ పనివాని మాటకు కారణమేమిటన్నది గెలీలియో శిష్యుడు టోరిసెల్లి ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే పాదరసపు గొట్టంతో నిరూపించాడు. సముద్రమట్టం వద్ద వాతావరణం మోయగలిగినది సుమారు 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని మాత్రమే. మూడువందల మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న అనంతపురంలో అది మరికొంచెం తక్కువ. పైపులోని రాపిడిని కూడ లెక్కిస్తే ఆచరణలో ఆరేడు మీటర్లకు మించి ఆశించరాదు.

మన రైతులు ఈ లెక్కను పుస్తకంలో కాక బావిలో నేర్చుకొన్నారు. కపిల తోలిన కాలంలో నీరు ఎంత దిగితే మోకును అంత పొడిగించేవారు. ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చిన తర్వాత నీరు దిగినకొద్దీ పంపునే బావిలోకి దించవలసి వచ్చింది. బావి గోడలో అరుగు తొలిచి, దానిపై మోటారు నిలిపి, మరుసటి కరువులో ఇంకొక అరుగు క్రిందకు మార్చేవారు. ఎండిన పాత బావులలో నేటికీ కనిపించే ఆ మెట్టు మెట్టు గూళ్ళు ఒక్కొక్క కరువు వదిలిపోయిన గుర్తులే.

ఇక లోపాలు వెదకుదాం. గట్టు మీది పంపు తిరుగుతూ నీరీయకుంటే మొదట అనుమానించవలసినది గాలిని. నీటికంటె గాలి దాదాపు ఎనిమిది వందల రెట్లు తేలిక. నీటిని 20 మీటర్లు ఎత్తగల ఇంపెల్లరు చుట్టూ గాలి నిండి ఉంటే, అది కల్పించగల ఒత్తిడి ఒక్క అంగుళం నీటిని లేపడానికి మాత్రమే సరిపోతుంది. అందుచేతనే మోటారు వేయబోయే ముందు పంపును, సక్షన్ పైపును నీటితో నింపాలి. పోసిన నీరు నిలువక జారిపోతుంటే పైపు అడుగున ఉన్న ఫుట్‌వాల్వు మూసుకొనడం లేదన్నమాట. గులకరాయో, పుల్లో చిక్కుకొని ఉండవచ్చు, తోలు వాషరు అరిగి ఉండవచ్చు. పల్లెలలో నీటికి బదులు పేడనీళ్ళు పోసే అలవాటున్నది. చదువుకొన్నవారు దానిని చూసి నవ్వుతారు గాని, పేడలోని పీచు వాల్వు సందులలో చేరి కొంతసేపు నీటిని నిలుపుతుంది. చిన్న సందుకు అది తాత్కాలికంగా సరిపోయే ఉపాయమే.

వాల్వు బాగుండీ నీరు రాకపోతే సక్షన్ పైపు అతుకులను చూడాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. డెలివరీ పైపుకు చిల్లి పడితే నీరు బయటకు చిమ్ముతుంది, కంటికి కనబడుతుంది. సక్షన్ పైపు చిల్లి గుండా నీరు కారదు, గాలి లోపలికి పోతుంది. పంపు నడుస్తుండగా అతుకుల చుట్టూ సబ్బు నురుగు పూస్తే, లోపమున్నచోట నురుగు లోపలికి పీల్చుకొనిపోతుంది. తడి బంకమన్ను మెత్తి చూసినా తెలుస్తుంది. నగరాలలో ఈతకొలను నీటిని వడపోతకు త్రిప్పే పంపు మొరాయించినప్పుడు కూడ వెదికే చోట్లు ఇవే. ఆకులు, వెంట్రుకలు నిండిన జల్లెడ బుట్ట, దాని మూత చుట్టూ ఎండి పగిలిన రబ్బరు వలయం, కొలనులో తగ్గిన నీటి మట్టం. పేరు మారినా పంపు స్వభావం ఒక్కటే.

తరువాత తిరుగుడును గమనించాలి. మూడు ఫేజుల మోటారుకు తీగలు కలిపేటప్పుడు రెండు ఫేజులు తారుమారైతే చక్రం వెనుకకు తిరుగుతుంది. శబ్దం మామూలుగానే ఉంటుంది. నీరు మాత్రం నీరసంగా వస్తుంది, లోతైన బోరులో అసలే పైకి రాదు. లైను మరమ్మతు జరిగిన మరునాడే ఈ ఫిర్యాదు వస్తే కారణం చాలవరకు ఇదే. కరెంటు తీసివేసి, తెలిసినవాని చేత ఏవైనా రెండు తీగలను మార్పిస్తే సరిపోతుంది. వేగం కూడ ముఖ్యమే. ఇంజను బెల్టు జారి వేగం పదోవంతు తగ్గితే, నీరు లేచే ఎత్తు సుమారు ఐదోవంతు పడిపోతుంది.

నేడు ఈ సీమలో అధికంగా ఉన్నవి సబ్‌మెర్సిబుల్ మోటార్లు. ఇవి నీటిలోనే మునిగి ఉండి నీటిని క్రింది నుండి నెడతాయి గనుక, టోరిసెల్లి చూపిన మితి వీటికి వర్తించదు. అయితే కంటికి కనబడవు. వాటి నాడి చూడడానికి స్టార్టరు పెట్టెలోని ఆంపియర్ మీటరు ఒక్కటే ఆధారం. మామూలుకంటె కరెంటు తక్కువగా తీసుకొంటుంటే పంపు నీరు లేక వట్టిగా తిరుగుతున్నదనో, ఇరుసు తెగినదనో భావించాలి. ఎక్కువగా తీసుకొంటుంటే ఇసుక పట్టి రెక్కలు బిగుసుకొని ఉండవచ్చు. కరెంటు మామూలుగానే ఉండి నీరు మాత్రం రాకుంటే బోరులోని పైపు చిల్లిపడి, ఎత్తిన నీరంతా తిరిగి బోరులోనే పడుతుండవచ్చు. కేసింగు మూత వద్ద చెవి ఆనిస్తే ఆ జలజల వినబడుతుంది.

ఇన్ని పరీక్షలూ దాటిన తర్వాత మిగిలేది గెలీలియో గ్రంథంలోని పనివాడు చెప్పిన కారణమే. పశ్చిమ కనుమల చాటున ఉన్న ఈ సీమకు సాలుకు కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. క్రింద గట్టిరాయి. నీరు నిలిచేది పైనున్న శిథిల శిలలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే. ఒక పగులు ఖాళీ అయితే బోరు ఎంత లోతున్నా ప్రయోజనముండదు. దీనికొక స్పష్టమైన లక్షణమున్నది. మోటారు వేయగానే నిండు ధార వచ్చి, క్రమంగా సన్నబడి, గాలితో కలిసి దగ్గినట్లు వచ్చి నిలిచిపోతుంది. రెండు మూడు గంటలు ఆపి వేస్తే మళ్ళీ మొదటి ధార వస్తుంది. ఫుట్‌వాల్వుకైనా, అరిగిన రెక్కకైనా విశ్రాంతినిస్తే లోపం తీరదు. విశ్రాంతితో తీరేది ఊట కొరత ఒక్కటే.

అట్టి బోరుకు పెద్ద మోటారు పెట్టడం మేలు చేయదు సరికదా, చుట్టూ నీరు లేక వేడెక్కిన మోటారు కాలిపోతుంది. డెలివరీ వాల్వును ఊటకు తగినంత తగ్గించి, విడతలుగా నడపాలి. వేరొక బోరు వేయదలచినవారు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం అనుమతి పొందవలసి ఉంటుంది. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు ఆ చట్టం బోరును నిషేధించింది. ఆ నిర్ణయానికి పూర్వం నీటి మట్టాన్ని కొలిచి చూడాలి. మోటారు ఆపి కొంతసేపైన తర్వాత, సన్నని తాడుకు చిన్న బరువు కట్టి, కేసింగు మూతలోని రంధ్రం గుండా మెల్లగా దించి, తడిసిన చోటును బట్టి లోతు లెక్కించవచ్చు. ఉగాదికొక ముడి, దీపావళికొక ముడి వేసి ఉంచుకొంటే ఈ ఏటి నీటిని నిరుటి నీటితో పోల్చవచ్చు. ఆ ముడుల తాడు స్టార్టరు పెట్టె పక్కన మేకుకు వ్రేలాడుతుంటే, మెకానిక్కు వచ్చి మొదట చూడవలసినది దానినే.