కిక్కిరిసిన బజారులో కొత్త ఆట

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఆడేవాళ్లు తలా ఒక పాత్ర ఎంచుకుని, ఇంటర్నెట్ మీద ఒకే కల్పిత లోకంలో కలిసి తిరిగే ఆట. ఒకరు కత్తి పట్టిన యోధుడు, ఒకరు గాయాలు మాన్పే వైద్యురాలు, మరొకరు మంత్రగాడు. రాక్షసులను కొట్టినకొద్దీ పాత్ర లెవెల్ పెరుగుతుంది, మంచి ఆయుధాలు చేతికొస్తాయి. ఒకరు ఫోన్ పక్కన పెట్టి నిద్రపోయినా ఆ లోకం ఆగదు. మిగతావాళ్లు అందులో తిరుగుతూనే ఉంటారు. మామూలు వీడియో గేమ్‌కూ దీనికీ అసలు తేడా ఇదే.

ఈ ఆటల మూలం 1974లో అమెరికాలో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. కాగితం, పాచికలతో ఆడేవారు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు బొమ్మల్లేకుండా అక్షరాలతోనే నడిచే ‘మడ్’ మొదలుపెట్టారు. ఆ తర్వాత 1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’, 1998లో కొరియా ఆట ‘లీనియేజ్’, 1999లో ‘ఎవర్‌క్వెస్ట్’ వచ్చాయి. 2004 నవంబరులో మొదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ 2010 నాటికి 1.2 కోట్ల మంది చందాదారులను సంపాదించింది.

ఇవేవీ చరిత్రలో కలిసిపోలేదు. కొత్త ఆటకు ఉన్న పెద్ద చిక్కు అక్కడే. సినిమా అయితే రెండు మూడు వారాల్లో థియేటర్ ఖాళీ చేసి వెళ్లిపోతుంది. ఆన్‌లైన్ ఆట పాతికేళ్లయినా కొత్త అధ్యాయాలు కలుపుకుంటూ నడుస్తుంది. అందులో ఏళ్ల తరబడి పెంచుకున్న పాత్ర ఉంటుంది, రోజూ రాత్రి కలిసే జట్టు ఉంటుంది. ఆ జట్టును ‘గిల్డ్’ అంటారు. ఒక్కడు కొత్త ఆటకు మారితే సరిపోదు, గిల్డ్ అంతా కదలాలి. కాబట్టి పోటీ జనం డబ్బు కోసం కంటే వాళ్ల సాయంత్రాల కోసమే ఎక్కువ.

విడుదలకు ముందు ఆటను దశలవారీగా పరీక్షిస్తారు. మొదట కంపెనీ లోపల, తర్వాత కొద్దిమంది ఆహ్వానితులతో, ఆపైన అందరికీ తెరిచిన ‘బీటా’. మొబైల్ ఆటలనైతే ముందు ఒకటి రెండు దేశాల్లోనే వదిలి చూస్తారు. ఎంత పరీక్షించినా మొదటి రోజు రద్దీని ముందే కొలవడం కష్టం. ఆటను నడిపే కంప్యూటర్లయిన సర్వర్లు తక్కువైతే లోపలికి రాలేక జనం విసుగెత్తిపోతారు. ఎక్కువ పెడితే నెల తిరిగేసరికి ఆటలోని ఊళ్లన్నీ ఖాళీగా కనిపిస్తాయి, ఉన్న కొద్దిమందికీ ఆడే ఉత్సాహం పోతుంది.

అమెజాన్ తెచ్చిన ‘న్యూ వరల్డ్’కు ఈ రెండూ అనుభవమే. 2021 సెప్టెంబరు 28న విడుదలైన ఆ ఆటను కొద్దిరోజుల్లోనే ఆటలు అమ్మే వేదిక ‘స్టీమ్’లో ఒకే సమయాన 9 లక్షల మందికి పైగా ఆడారు. లోపలికి వెళ్లడానికి గంటల కొద్దీ వరుసలో కాచుకున్నారు. తర్వాత ఒక లోపం వల్ల ఆటలోని బంగారం అక్రమంగా రెట్టింపవుతుంటే వ్యాపార లావాదేవీలన్నీ కొంతకాలం నిలిపేయాల్సి వచ్చింది. కొన్ని నెలల్లోనే అత్యధికులు వెళ్లిపోయారు. ఇకపై కొత్త అధ్యాయాలు ఉండవని 2025 అక్టోబరులో కంపెనీ ప్రకటించింది. అంత డబ్బున్న సంస్థకే ఇలా జరిగింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే కథ జపాన్ కంపెనీ స్క్వేర్ ఎనిక్స్‌ది. దాని ‘ఫైనల్ ఫాంటసీ 14’ 2010 సెప్టెంబరు 30న వచ్చి ఘోరంగా దెబ్బతింది. అందులో ఒక పూలకుండీని గీయడానికి ఒక మనిషి పాత్రకు పట్టినంత శ్రమ కంప్యూటర్‌పై పడేది. తెర మీద జనం పెరిగితే ఆట ఈడిగిలబడేది. కంపెనీ అధ్యక్షుడు బహిరంగంగా క్షమాపణ చెప్పి, నవోకి యోషిదా అనే ఆటల రూపకర్త చేతికి ఆటను అప్పగించాడు. యోషిదా ఒకపక్క పాత ఆటను నడుపుతూనే రెండోపక్క దాన్ని మొదటి నుంచి మళ్లీ కట్టించాడు. 2012లో ఆటలోని ఆకాశంలో ఒక ఎర్రటి చంద్రుడు నెలనెలా పెద్దదవుతూ వచ్చాడు. నవంబరు 11న సర్వర్లు మూసేసే వేళ ఆ చంద్రుడు విరిగిపడి పాత లోకం నాశనమైంది. 2013 ఆగస్టులో ‘పునర్జన్మ ఎత్తిన లోకం’ అనే అర్థమిచ్చే పేరుతో కొత్త ఆట తెరుచుకుంది. 2021 డిసెంబరు నాటికి రద్దీ తట్టుకోలేక కొత్తవారికి అమ్మకాలు కొన్నాళ్లు ఆపుకోవాల్సినంత ఆదరణ వచ్చింది. పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చుకున్న ఉదాహరణ ఈ రంగంలో ఇంతకంటే గొప్పది దొరకడం కష్టం.

పల్నాడు జిల్లా పెదకూరపాడులాంటి చోట ఈ లెక్కలన్నీ మారతాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చౌకైంది, ఆటలు కంప్యూటర్‌ను దాటి నేరుగా ఫోన్‌లోకి వచ్చాయి. కానీ ‘జెన్‌షిన్ ఇంపాక్ట్’ లాంటి పెద్ద ఆట ఒక్కటే 20 జీబీకి పైగా చోటు అడుగుతుంది. తక్కువ ధర ఫోన్‌లో అంత చోటు చేయాలంటే ఇంట్లోవాళ్ల ఫొటోలు, వీడియోలు తీసేయాలి. సర్వర్ దూరదేశంలో ఉంటే ప్రతి కత్తివేటూ సముద్రం దాటి వెళ్లిరావాలి. ఆ ఆలస్యాన్నే ‘పింగ్’ అంటారు. సెకనులో పదో వంతు దాటితే దెబ్బ కొట్టేలోపే దెబ్బ తగులుతుంది.

భాష ఇంకా పెద్ద అడ్డు. రోల్‌ప్లేయింగ్ ఆటకు ప్రాణం కథ, సంభాషణ. కాల్పుల ఆటను ఒక్క ముక్క చదవకుండా ఆడొచ్చు, దీన్ని ఆడలేరు. మన దగ్గర పబ్‌జీ లాంటి కాల్పుల ఆటలు అంతగా పాకి, రోల్‌ప్లేయింగ్ ఆటలు వెనకబడటానికి ఇదీ ఒక కారణం. జెన్‌షిన్ పలు భాషల్లో ఉన్నా తెలుగులో లేదు. ఏటా చైనా కొత్త సంవత్సరానికి అందులో దీపాల పండుగ జరుగుతుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కట్టే ప్రాంతపు పిల్లలకు తమ తిరునాళ్ల సందడి కూడా ఏదో ఒక ఆటలో కనిపిస్తే వాళ్ల ఉత్సాహం వేరేగా ఉంటుంది. కారెంపూడి వీరుల కథ, బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు ఇలాంటి ఆటకు సిద్ధంగా ఉన్న సరుకు. తెలుగు తెర కథను ఆటగా మార్చే ప్రయత్నం 2017లో జరిగింది. బెంగళూరు సంస్థ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ‘బాహుబలి: ది గేమ్’ తెచ్చింది. అది రోల్‌ప్లేయింగ్ కాదు, కోట కట్టి సైన్యాన్ని నడిపే వ్యూహపు ఆట. తెలిసిన కథ మొదటి రోజు జనాన్ని తెస్తుంది. ఆరో నెలలో వాళ్లను ఉంచేది మాత్రం కొత్త పనులు, సరిగ్గా నడిచే సర్వర్లు.

ఇవన్నీ నడపడానికి కావలసిన ఆదాయానికి దారులు మూడు: నెలవారీ చందా, ఒకసారి కొనుగోలు, ఉచితంగా ఇచ్చి లోపల వస్తువులు అమ్మడం. మూడోదానిలో ఏం వస్తుందో తెలియని పెట్టెలను డబ్బిచ్చి తెరిపించే పద్ధతి పిల్లలకు ప్రమాదకరం. అలాంటివి జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లో తేల్చింది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించింది. పందెం లేకుండా చందా తీసుకుని నడిపే ఆటలకు అది అడ్డు చెప్పదు.