గుమ్మడికాయ దీపం: చిన్నపిల్లలతో ఒక చేతిపని

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు (అ) గుమ్మడికాయ దీపం ఆచారానికి నేపథ్యాన్ని వివరించగలుగుతారు. (ఆ) ఈ పనిలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఏవి అప్పగించాలో నిర్ణయించగలుగుతారు. (ఇ) తీసుకోవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

1. నేపథ్యం

అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ నాడు గుమ్మడికాయను తొలిచి, కళ్లు, నోరు చెక్కి, లోపల దీపం ఉంచుతారు. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో పూర్వం ఇందుకు టర్నిప్ దుంపలను వాడేవారు. అమెరికాకు వలస వెళ్లినవారికి అక్కడ గుమ్మడికాయ దొరికింది. అది పెద్దది, తొలచడమూ సులువు. నేడు అమెరికాలోని తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇది పరిచితమైన పనే.

నెక్కొండ మండలంలోని అంగన్‌వాడీలో మీరు ఈ పని చేయిస్తున్నారనుకోండి. పిల్లలకు హాలోవీన్ తెలియకపోవచ్చు. కాని దిష్టి తగలకుండా ఇంటి ముందు కట్టే బూడిద గుమ్మడికాయను వారు చూసే ఉంటారు. దానిమీద గీసిన కళ్లు, మీసాలు వారికి తెలుసు. బతుకమ్మను పేర్చేటప్పుడు కింద పరిచే గుమ్మడి ఆకు, పైన పెట్టే గుమ్మడి పువ్వు కూడా తెలుసు. అక్కడి నుంచే మొదలుపెట్టండి. తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లడమనే బోధనా సూత్రం ఇక్కడ వర్తిస్తుంది.

2. పని విభజన

పెద్దల పని: తొడిమ చుట్టూ కత్తిని ఏటవాలుగా దించి మూత కోయాలి. నిటారుగా కోస్తే మూత లోపలికి జారిపోతుంది. కండను గీకి, గోడ సుమారు అంగుళం మందం ఉండేట్లు చూడాలి. పిల్లలు గీసిన గీతల వెంట కోయడం కూడా పెద్దల పనే.

పిల్లల పని: చేతులతో, చెంచాలతో పీచు, గింజలు తీయడం, గింజలను కడిగి పదేసి చొప్పున కుప్పలు పెట్టడం, బొగ్గుతో ముఖం గీయడం. ఇందులో స్పర్శ, లెక్క, భాష మూడూ ఉన్నాయి. "లోపల ఎట్లుంది? జారుతున్నదా?" అని వారి మాటలోనే అడగండి.

పిల్లలు ఒంటరిగా చేయలేని పనిని పెద్దల తోడ్పాటుతో చేయగలిగే పరిధిని వైగాట్‌స్కీ (1896-1934) సామీప్య వికాస మండలం అన్నాడు. తోడ్పాటు అంటే పని మొత్తం మనమే చేసిపెట్టడం కాదు. పిల్లవాడు ఒక కన్ను పెద్దగా, ఒక కన్ను చిన్నగా గీస్తే అట్లాగే కోయండి. సరిదిద్దితే ముఖం అందంగా రావచ్చు. కాని అది ఇక వాడిది కాదు.

3. జాగ్రత్తలు

• కత్తి పిల్లల చేతికి అందకూడదు. కోసేటప్పుడు వారిని దూరంగా కూర్చోబెట్టండి.
• నూనె దీపానికి బదులు బ్యాటరీ దీపం వాడండి.
• గింజలను పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. గొంతుకు అడ్డం పడవచ్చు.
• గుమ్మడికాయను ఆడవాళ్లు కోయరాదన్న పట్టింపు కొన్ని ఇళ్లలో ఉంది. తల్లిదండ్రులతో ముందే మాట్లాడండి. అభ్యంతరం ఉంటే కోయకుండా రంగులతో ముఖం గీయించండి.
• ముఖం చూసి భయపడే పిల్లలుంటారు. నవ్వే ముఖంతో ప్రారంభించండి.
• తియ్య గుమ్మడి విటమిన్ 'ఎ'నిచ్చే ఆహారం. గీకిన కండను పారేయక ఆ రోజే వండించండి. చెక్కిన కాయ మన వేడికి రెండు మూడు రోజుల్లో కుళ్లుతుంది. దాన్ని తినకూడదు, ఎరువు గుంతలో వేయించండి.

చివరి అంశాన్ని తేలికగా తీసుకోవద్దు. అన్నం విలువ తెలిసిన ఇళ్ల నుంచి వచ్చే పిల్లల ముందు తిండి వస్తువును వృథా చేస్తే, మనం నేర్పాలనుకోని పాఠం నేర్పినట్లవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. దిష్టి గుమ్మడికాయకు, గుమ్మడికాయ దీపానికి గల పోలికను తెలపండి.
2. కాయ కోయడానికి వీలులేని కేంద్రంలో ఇదే పనిని మీరు ఎట్లా మార్చి చేయిస్తారు?