పని ముగిసిన తరువాత పాఠం

బడి అనగానే ఉదయకాలపు గంట, వరుసగా బల్లలు, ఎదుట నల్లబల్ల స్ఫురిస్తాయి. కాని వీథిదీపాలు వెలిగిన తరువాత తలుపులు తెరిచే బడులు కూడా కొన్ని ఉన్నవి. వాటికి వచ్చేవారు పగలంతా కర్మాగారంలోనో, దుకాణంలోనో శ్రమించి, అలసిన చేతులతో వస్తారు. ఒక గదిలో కొద్దిమందే కూర్చుంటారు. ఒకచోట వెండితీగను వంచి అతికే విద్య, మరొకచోట పట్టుబట్టను కత్తిరించి కుట్టే విద్య సాగుతూ ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాలలో ఇంగ్లండులో ఇటువంటి సాయంకాలపు తరగతులు వ్యాపించినవి. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారు ఆలోచించదగిన విషయాలు వాటి చరిత్రలో ఉన్నవి.

ఒక నగ, పలు చేతులు

బర్మింగ్‌హామ్ నగరంలో నగలపనికి ప్రసిద్ధి కెక్కిన పేట ఒకటి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ పేట ఇరుకు వీథులలో అడుగడుగునా చిన్న కార్ఖానాలే. అక్కడ తయారైన ఉంగరాలు, గొలుసులు, రవిక పిన్నులు దూరదేశాలకు ఎగుమతి అయ్యేవి. అయితే ఫలానా నగను చేసినవాడెవడని అడిగితే, ఒక మనిషిని చూపగలగడం కష్టం. రేకును అచ్చులో పెట్టి కొట్టేవాడు ఒకడు. ముక్కలను అతికేవాడు మరొకడు. రాళ్లు పొదిగేవాడు వేరొకడు. మెరుగుపెట్టే స్త్రీలు ఇంకొక గదిలో ఉండేవారు. పూత పూసేవారి కార్ఖానా మరో వీథిలో ఉండవచ్చును. చిన్ననాడు రాళ్లు పొదిగే బల్ల దగ్గర చేరినవాడు తల నెరిసేవరకు రాళ్లే పొదిగేవాడు.

మన పల్లెటూరి కంసాలి సంగతి వేరు. మూసలో బంగారం కరిగించడం, కమ్మచ్చులో తీగ లాగడం, వెలిగారం అద్ది అతకడం, చివరకు మెరుగుపెట్టడం చాలావరకు అతని చేతిమీదనే జరిగేవి. వస్తువు పుట్టుక మొదటినుండి తుదివరకు అతనికి తెలుసు. బర్మింగ్‌హామ్ పనివానికి తన ముక్క మాత్రమే తెలుసు. శ్రమను ఇట్లా ముక్కలు చేయడంవల్ల సరకు చౌకగా, వేగంగా తయారయినది. కాని పని నేర్పే పాతపద్ధతి క్రమంగా క్షీణించినది. ఒక్క ముక్క మాత్రమే తెలిసిన గురువు శిష్యునికి ఆ ఒక్క ముక్కనే నేర్పగలడు. కొత్త నమూనాను ఊహించి, దానిని లోహంలో నిలబెట్టగల మనిషి అరుదైపోయినాడు.

ఈ లోటును తీర్చడానికై 1890లో ఆ పేటలోనే, విట్టోరియా వీథిలో, నగలపనివారికీ వెండిపనివారికీ ఒక పాఠశాల ఏర్పడినది. అది నగర కళాపాఠశాలకు శాఖ. 1903 నుండి 1924 వరకు దానికి ప్రధానాచార్యుడుగా ఉన్న ఆర్థర్ గాస్కిన్ మొదట చిత్రకారుడు, పుస్తకాలకు బొమ్మలు వేసినవాడు. ఆయన, ఆయన భార్య జార్జీ 1899 ప్రాంతంలో నగల తయారీకి పూనుకొన్నారు. బొమ్మ గీసే చెయ్యి, వెండిని అతికే చెయ్యి ఒక్కటే కావాలన్నది ఆ దంపతుల కృషిలో కనిపించే సూత్రం.

సారాయి పన్నుతో చదువు

ఇటువంటి పాఠశాలలకు ధనం వచ్చిన మార్గం విచిత్రమైనది. వృత్తివిద్యకై స్థానిక సంస్థలు స్వల్పమైన పన్ను వేయవచ్చునని 1889లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసినది. మరుసటి సంవత్సరం మద్యంపై అదనపు సుంకం విధించినారు. మూతపడబోయే మద్యశాలల యజమానులకు ఆ సొమ్మును నష్టపరిహారంగా ఇవ్వవలెనన్నది మొదటి ఉద్దేశం. దానిపై తీవ్రమైన వ్యతిరేకత వచ్చినందున సొమ్ము మిగిలిపోయి, వృత్తివిద్యకు ఉపయోగించుకొనే వీలుతో స్థానిక సంస్థలకు చేరినది. జనం దానిని ‘విస్కీ డబ్బు’ అని పిలిచినారు.

లండన్ నగరపాలక మండలి మొదట ఆ ధనాన్ని పన్నుల భారం తగ్గించుకొనడానికి వాడుకొన్నది. 1893లో వృత్తివిద్యా సంఘమొకటి ఏర్పడిన తరువాత పరిస్థితి మారినది. ఆ సంఘం పూనికతో 1896లో సెంట్రల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ప్రారంభమైనది. వాస్తుశిల్పి విలియం లెథబీ దానికి తొలి నిర్వాహకులలో ఒకడు, 1902 నుండి ప్రధానాచార్యుడు. తరగతులు ప్రధానంగా సాయంకాలమే. పగలు ఆయా వృత్తులలో పనిచేసేవారికే ప్రవేశం. బోధించేవారు కూడా ఆ పనిచేసి జీవించేవారే. సర్టిఫికెట్లు ఉన్న పండితులకంటె పనిముట్టు పట్టిన గురువులు మేలని లెథబీ నమ్మినాడు. నగల విద్యలో అక్కడ బోధించిన హెన్రీ విల్సన్ 1903లో ప్రకటించిన ‘సిల్వర్‌వర్క్ అండ్ జ్యూయలరీ’ అనే గ్రంథం ఆ బోధనకు నిలువుటద్దం. అందులో పనిముట్టు పట్టుకొనే తీరు నుండి పూర్తి అయిన వస్తువు దాకా సమస్తం వివరించబడినది.

కుంపటి దగ్గర ఉపాధ్యాయుడు

ఇంతకూ, ఆ గదిలో కొద్దిమందే ఎందుకు ఉండాలి? వెండి అతకడాన్ని ఉదాహరణగా తీసుకొంటే సమాధానం దొరుకుతుంది. స్వచ్ఛమైన వెండి సుమారు 962 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. అతకడానికి వాడే టంకం వెండిలో రాగి, జింకు వంటి లోహాలు కలిపి చేసినది. అది అంతకంటె తక్కువ వేడికే ద్రవమవుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న కొద్దిపాటి ఎడమే పనివాని బలం. వేడి చాలకపోతే టంకం పారదు. మించితే వారం రోజుల శ్రమ కళ్లెదుటనే ముద్దయిపోతుంది. పైగా కరిగిన టంకం వేడి ఎక్కువగా ఉన్న వైపుకే పరుగెత్తుతుంది కాబట్టి, మంటను ఏ వైపున ఎంతసేపు నిలపాలో తెలియాలి.

ఈ సంగతులు నల్లబల్లమీద వ్రాసి చెప్పవచ్చును. విద్యార్థి వాటిని కంఠస్థం చేయవచ్చును. అయినా లోహం ఎరుపెక్కే క్షణాన్ని కన్ను గుర్తించాలి. ఊదుగొట్టాన్ని ఆ క్షణంలోనే పక్కకు తిప్పాలి. సుత్తితో కొట్టినకొద్దీ వెండి గట్టిపడుతుంది. బీటవారకముందే దానిని కాల్చి మెత్తబరచాలి. ‘ఇక చాలు’ అన్న కబురు సుత్తిదెబ్బ శబ్దంలోని మార్పే చెబుతుంది. ఆ శబ్దం వినబడేటంత దగ్గరగా గురువు ఉండాలి. నలభైమంది ఉన్న గదిలో అది సాధ్యం కాదు.

అలసట సంగతి కూడా మరువరాదు. పగలు కార్ఖానాలో ఒకే ముక్కను వందలసార్లు చేసినవాడు, రాత్రి మళ్లీ బల్లముందు కూర్చుండడం సులభం కాదు. అయినా కూర్చున్నాడు. పగలు అతనికి దొరకని సంపూర్ణమైన వస్తువు ఆ గదిలో దొరికినది. ఒక చిన్న ఉంగరమే కావచ్చును. దానిని మొదట గీసినవాడు, రేకు కోసినవాడు, అతికినవాడు, మెరుగుపెట్టినవాడు తానే.

వేడుక కోసం నేర్చేవారు

ఈ ఉద్యమంలో చార్లెస్ ఆష్‌బీ పేరు ప్రత్యేకంగా చెప్పదగినది. లండన్ తూర్పుపేటలోని టాయిన్‌బీ హాలులో ఆయన రస్కిన్ గ్రంథాలు చదివే తరగతి నడిపినాడు. ఆ తరగతిలోనుండే 1888లో హస్తకళల గిల్డు, దానికి తోడుగా ఒక పాఠశాల పుట్టినవి. పాఠశాల 1895లో మూతపడినది. గిల్డు మాత్రం సాగినది. 1902లో ఆష్‌బీ సుమారు 50 మంది పనివారిని, వారి కుటుంబాలను వెంటబెట్టుకొని చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే చిన్న ఊరికి తరలిపోయినాడు. అక్కడ 1904లో స్థాపించిన పాఠశాల 1916 వరకు నడిచినది. గిల్డు వ్యాపారం 1908లోనే దెబ్బతిని, సంస్థ మూతపడవలసి వచ్చినది.

పతనానికి చెప్పిన కారణాలలో యంత్రం చేసిన చౌకసరకు ఒకటి. మరొకటి ఆష్‌బీని ఎక్కువగా బాధించినది: వేడుకకోసం నగలు చేసే కలవారి ఇంటి స్త్రీ. ఆమెకు ఆయన ‘ఎమిలీ’ అని పరిహాసంగా ఒక పేరు పెట్టినాడు. ఆమెకు ఇల్లు గడిచే చింత లేదు కాబట్టి తన పనిని తక్కువ ధరకు అమ్ముతుంది. అదే పనితో పిల్లలను పోషించవలసిన గిల్డు పనివాడు ఆమెతో పోటీపడలేడు. వాదంలో న్యాయం లేకపోలేదు. ‘వృత్తిలో ఉన్నవారికే ప్రవేశం’ అన్న లెథబీ పాఠశాల నియమానికి వెనుక ఉన్న భయం కూడా ఇటువంటిదే.

అయితే ఆ ఎమిలీ వేడుకకే ఎందుకు పరిమితమైనదని అడుగవలసి ఉన్నది. నగల వృత్తిలో స్త్రీలకు దక్కినవి గొలుసులు అల్లడం, మెరుగుపెట్టడం, మర మీద రేకు నొక్కడం వంటి పనులు. వస్తువును రూపొందించే బల్ల దగ్గర వారికి చోటు అరుదు. వృత్తిలోనికే రానీయని వారిని, వృత్తిలో లేరు గనుక తరగతికి రావద్దనడం ఏమి న్యాయం? బర్మింగ్‌హామ్ కళాపాఠశాలలో చదివిన జార్జీ గాస్కిన్ నగల రూపకల్పనలో సంపాదించిన కీర్తి, అవకాశం దొరికితే ఏమి జరిగేదో చూపుతున్నది.

సూది పట్టిన చేతులు

స్త్రీలకు ముందుగా తెరుచుకొన్న తలుపు కుట్టుపనిది. 1904లో లండన్‌లోని బరో పాలిటెక్నిక్‌లోను, 1906లో షోర్‌డిచ్‌లోను, 1915లో బారెట్ వీథిలోను బాలికలకు వృత్తిపాఠశాలలు ఏర్పడినవి. పగలు బాలికలు నేర్చుకొనేవారు. సాయంకాలం దర్జీ దుకాణాలలో పనిచేసే స్త్రీలు వచ్చి విద్యను మెరుగుపరచుకొనేవారు. షోర్‌డిచ్, బారెట్ వీథి పాఠశాలలు 1967లో ఏకమై, ఆ తరువాత లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్‌గా ప్రసిద్ధికెక్కినవి.

కుట్టు సామాన్యమైన విద్య అనుకొనేవారు ఒక నాటకపు దుస్తును లోపలివైపు తిప్పి చూడాలి. రంగస్థలంపై పాత్రధారి చెయ్యి ఎత్తుతాడు, మోకరిల్లుతాడు, కత్తి దూస్తాడు. చంకభాగం కత్తిరింపులో కొద్ది తేడా వచ్చినా చెయ్యి ఎత్తగానే అంగీ మొత్తం పైకి లేస్తుంది. ఇవాళ ఒకరు తొడిగిన దుస్తును మరొక ప్రదర్శనలో వేరొకరు తొడగవచ్చును. అందుకని కుట్టు పక్కన విప్పి వెడల్పు చేయడానికి తగినంత బట్ట వదలాలి. పడుగు దిశలో కత్తిరించిన బట్ట నిటారుగా నిలుస్తుంది. ఏటవాలుగా కత్తిరించినది సాగి ఒంటికి అమరుతుంది. ఈ భేదాన్ని వేళ్లు నేర్చుకొనేవరకు పుస్తకజ్ఞానం ఉపకరించదు.

సెంట్రల్ స్కూలులో రంగస్థల దుస్తుల విద్యకు ప్రతిష్ఠ తెచ్చిన ఇద్దరూ స్త్రీలే. జెనెట్టా కాక్రేన్ అక్కడ దీర్ఘకాలం బోధించినది. 1964లో ఆ పాఠశాల రంగశాల ఆమె పేరిటనే తెరవబడినది. ఆమెతోపాటు బోధించిన నోరా వా 1954లో స్త్రీల లోదుస్తుల నిర్మాణంపైన, 1964లో పురుషుల దుస్తుల కత్తిరింపుపైన గ్రంథాలు ప్రకటించినది; స్త్రీల దుస్తులపై గ్రంథం ఆమె మరణానంతరం 1968లో వెలువడినది. పాతకాలపు మనిషి ఎందుకు అట్లా నిలుచున్నాడో అతని దుస్తు కత్తిరింపే చెబుతుందని ఆ గ్రంథాలవల్ల బోధపడుతుంది. పద్దెనిమిదవ శతాబ్దపు కోటు వీపుభాగం ఇరుకుగా ఉండి, భుజాలను వెనుకకు లాగి ఉంచుతుంది. చిత్రపటాలలో కనిపించే ఆ ఠీవిలో దర్జీ భాగం కూడా ఉన్నది. చరిత్ర బోధించేవారికి ఇంతకంటె మంచి ఉపకరణం దొరకదు.

తెలుగునాటి సంబంధం

ఈ ఆలోచనలు తెలుగుదేశానికి పరాయివి కావు. ఆష్‌బీ ఉన్న క్యాంప్‌డెన్ చెంతనే ఆనంద కుమారస్వామి కొంతకాలం నివసించినాడు. సింహళ శిల్పులపై 1908లో వెలువడిన ఆయన గ్రంథం అక్కడి ముద్రణాలయంలోనే అచ్చయినది. 1909లో ఆయన ప్రకటించిన ‘ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్’కు ఆష్‌బీయే తొలిపలుకు వ్రాసినాడు. గురువు ఇంట శుశ్రూష చేస్తూ, నిజమైన వస్తువులు చేస్తూ శిష్యుడు నేర్చే భారతీయపద్ధతిని కుమారస్వామి ప్రశంసించినాడు. ఇంగ్లండు సాయంకాలపు తరగతులలో తిరిగి తెచ్చుకొనడానికి ప్రయత్నించినది, తాను పోగొట్టుకొన్న అటువంటి సంబంధాన్నే.

అదే కుమారస్వామితో కలిసి 1917లో నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలో వెలువరించినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత ఆయన కొంతకాలం బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేసినాడు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యల పూనికతో 1910లో నెలకొన్న ఆ విద్యాలయం, అక్షరవిద్యతోపాటు చేతిపనులకూ స్థానం ఇచ్చినది. పుస్తకానికీ పనిముట్టుకూ నడుమ ఉన్న గోడను తొలగించవలెనన్న కోరిక ఇక్కడా అక్కడా ఒక్కటే.

ఆష్‌బీ గిల్డు నిలువలేదు. అయితే దాని పనివారిలో ఒకడైన జార్జ్ హార్ట్ క్యాంప్‌డెన్‌లోనే ఉండిపోయి వెండిపని సాగించినాడు. ఆయన సంతతివారు శతాబ్దం గడిచిన తరువాత కూడా అదే ఊరిలో అదే వృత్తిని కొనసాగించినారు. సంస్థ పోయినా, చేతినుండి చేతికి అందిన విద్య మిగిలినది.

పాఠశాలలో చేతిపనుల పీరియడు అనగానే మిగిలిపోయిన గంటగా, పరీక్ష లేని వినోదంగా భావించే అలవాటు అనేక చోట్ల ఉన్నది. ఆ గంటలోనైనా ప్రతి విద్యార్థి ఒక చిన్న వస్తువును మొదటినుండి తుదివరకు తానే చేయగలిగితే మేలు. అది పూసల గొలుసు కావచ్చును, నాటకంలో రాజు తొడిగే అంగీ కావచ్చును. ఉపాధ్యాయుడు దాని ముఖం చూసి మార్కు వేయడంతో ఆగక, తిరగవేసి లోపలి కుట్టును, వెనుకటి అతుకును కూడా చూడాలి. తప్పు ఎక్కడ పుట్టినదో అక్కడే తెలుస్తుంది. దానిని విప్పి మళ్లీ కుట్టడానికి విద్యార్థికి సమయం ఇవ్వాలి.