ఊడ్పుపాటల ధ్వనిముద్రణలు: సాఫ్ట్‌వేర్ ఖండనపద్ధతులు - ద్విత్వాక్షర సమస్య

వ్యాససంగ్రహం:
గోదావరి డెల్టా ఊడ్పుపాటల ధ్వనిముద్రణలను సంగీతనిర్మాణం కోసం ఖండాలుగా విడదీసే సాఫ్ట్‌వేర్ పద్ధతులను వివరించి, ద్విత్వాక్షరాల విషయంలో తలెత్తే దోషానికి పరిహారం సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఊడ్పుపాటలు, ధ్వనిఖండనం, ద్విత్వాక్షరం, మాత్ర.

1. ఉపోద్ఘాతం:
జానపదగేయాలను నేదునూరి గంగాధరం వంటి సేకర్తలు అక్షరబద్ధం చేశారు. నేడు చేతిలోని ఫోనుతోనే పాటను ముద్రించగలుగుతున్నాం. ముద్రించిన పాటను చిన్న ఖండాలుగా కోసి కొత్త లయలో కూర్చడం సంగీతనిర్మాణంలో సాధారణమైంది. స్వీడన్‌కు చెందిన ప్రొపెల్లర్‌హెడ్ సంస్థ 1994లో తెచ్చిన ‘రీసైకిల్’ ఈ పనికి ప్రసిద్ధిచెందిన సాఫ్ట్‌వేర్.

2. ఖండనపద్ధతులు:
మొదటిది సమవిభజన. నిమిషానికి 120 దెబ్బల వేగమైతే దెబ్బకు అర సెకను. సెకనుకు 44,100 నమూనాల ముద్రణలో అది 22,050 నమూనాలు. యంత్రతాళానికి ఇది చాలు. ఊడ్పుపాటలో ఒకరు ఎత్తుకోగా తక్కినవారు అందుకుంటారు. నాటే పనిని బట్టి నడక మారుతుంది. అందువల్ల ఈ కొలత అక్కడ కుదరదు.

రెండవది ఆరంభ గుర్తింపు. శబ్దశక్తి ఒక్కసారిగా పెరిగినచోట కోత పడుతుంది. డప్పుదెబ్బను ఇది చక్కగా పట్టుకుంటుంది; అచ్చుతోనో, య, ల వంటి హల్లులతోనో మెల్లగా మొదలయ్యే గొంతు దగ్గర తడబడుతుంది.

మూడవది నిశ్శబ్ద గుర్తింపు. శబ్దం నిర్ణీతస్థాయికి తగ్గినచోట విడదీస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

3. ద్విత్వాక్షర సమస్య:
‘గట్టు’ అనే పదాన్ని పరిశీలిద్దాం. ‘ట్ట’ పలికేటప్పుడు నాలుక అంగిలిని తాకి గాలిని ఆపుతుంది. ఆ వ్యవధి ముద్రణలో దాదాపు నిశ్శబ్దం. సాఫ్ట్‌వేర్ దానిని విరామంగా భావించి తొలగిస్తే ‘గటు’ అని వినిపిస్తుంది. ఛందోరీత్యా ‘గట్టు’ గురువు, లఘువు కలిసి మూడు మాత్రలు. ‘గటు’ రెండు లఘువులు, రెండు మాత్రలు. ఖాళీగా కనబడిన ఆ భాగమే ఒక మాత్ర.

4. పరిహారం:
ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కనిష్ఠ నిశ్శబ్దకాలాన్ని ద్విత్వాక్షర వ్యవధి కంటే ఎక్కువగా నిర్ణయించుకోవాలి. తరువాత చెవితో విని, గుర్తులను పదాంతానికో పాదాంతానికో జరపాలి. తరంగం సున్నాను దాటేచోట కోస్తే ‘టక్’మనే చప్పుడు రాదు.

5. ముగింపు:
మూలముద్రణ పోయి ఖండాలే మిగిలితే, రేపటి పరిశోధకులు ‘గటు’నే గోదావరి ఉచ్చారణగా నమోదు చేసే ప్రమాదం ఉంది. కనుక మూలాన్ని యథాతథంగా భద్రపరచి, ప్రతి ఖండానికీ మూలంలోని ఆరంభ, అంత్యకాలాలను జతచేయడం అవసరం.