తిరగబడే కుర్రాళ్ల బ్లాక్ అండ్ వైట్ ఫోటో బుక్.. ఫోన్‌తోనే చేసేయొచ్చు!

అమెరికన్ ఫోటోగ్రాఫర్ డానీ లయన్ 1968లో 'ది బైక్‌రైడర్స్' అనే పుస్తకం తెచ్చాడు. షికాగో అవుట్‌లాస్ మోటార్‌సైకిల్ క్లబ్ కుర్రాళ్ల బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు, టేప్‌లో రికార్డ్ చేసిన వాళ్ల మాటలు కలిపిన పుస్తకం అది. దాని ఆధారంగా 2023లో సినిమా కూడా వచ్చింది. లయన్ దూరం నుంచి జూమ్ వేసి తీయలేదు, ఆ క్లబ్‌లో మెంబర్‌గా చేరాడు. ఇలాంటి బుక్ చేయాలనుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. ఏ ఫోన్ అనేది తర్వాతి సంగతి.

ఇక ఫోన్ విషయానికొస్తే, మోనో ఫిల్టర్ జోలికి పోకండి. ఫోటో అలాగే జేపెగ్‌గా సేవ్ అయిపోతే రంగుల సమాచారం పోయినట్టే. ప్రో మోడ్‌లో రా ఫైల్ తీసి, లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్‌కి మార్చండి. అక్కడ ఒక్కో రంగు ఎంత తెల్లగా, ఎంత నల్లగా పడాలో మీ చేతిలో ఉంటుంది. చర్మంలో ఎరుపు, ఆరెంజ్ ఎక్కువ. ఆ స్లైడర్లు పెంచితే ముఖం తేటపడి మచ్చలు మాయమవుతాయి. తగ్గిస్తే ముఖం ముదురుగా మారి, మచ్చలు, గీతలు, మొటిమలు అన్నీ బయటికొస్తాయి. నేనైతే తగ్గిస్తాను. జుట్టుకి రంగేసి, కనుబొమ్మకి రింగు పెట్టుకుని ఊరందరితో తిట్లు తినేవాడికి పెళ్లి ఆల్బమ్ ఫెయిర్‌నెస్ ఎందుకు చెప్పండి?

పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. సాఫ్ట్‌వేర్ అంచనా వేసి పెట్టే బ్లర్ అది. జుట్టు కొసలు, చెవిపోగులే ముందు చెడిపోతాయి, ఈ బుక్‌కి కావాల్సింది అవే. 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్‌తో రెండు మీటర్ల దూరం నుంచి తీయండి. మెయిన్ కెమెరాతో మరీ దగ్గరికెళితే ముక్కు పెద్దదైపోతుంది.

పర్మిషన్ దగ్గర మాత్రం రాజీ లేదు. ఇన్‌స్టా పోస్ట్ అయితే డిలీట్ కొట్టొచ్చు, అచ్చయిన పేజీని వెనక్కి తీసుకోలేం. ఇవాళ సైలెన్సర్ పీకేసి బైక్ తిప్పే కుర్రాడు రేపు ఉద్యోగానికి వెళ్తాడు. నంబర్ ప్లేట్, కాలేజీ ఐడీ కార్డు ఫ్రేమ్‌లోకి రానివ్వకండి. ప్రింట్‌కి ముందు ఎవరి పేజీ వాళ్లకి చూపించి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. 18 ఏళ్లు నిండకపోతే అమ్మానాన్నల సంతకం కూడా ఉండాలి. వద్దన్నారా, ఎంత బాగున్నా ఆ ఫోటో తీసేయడమే. క్యాప్షన్ మీరు రాయకండి. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి వాళ్లనే మాట్లాడనిచ్చి, అందులోంచి రెండు వాక్యాలు వేయండి.

ప్రింట్‌కి 200 మెగాపిక్సెల్ అక్కర్లేదు. 8×10 అంగుళాల పేజీకి 300 డీపీఐ లెక్కన 2400×3000 పిక్సెల్స్ చాలు, 12 మెగాపిక్సెల్ ఫోటోలో అంతకన్నా ఎక్కువే ఉంటాయి. స్క్రీన్ వెలుగుతుంది, కాగితం వెలగదు కాబట్టి ప్రింట్ ముదురుగా వస్తుంది. నాలుగు ఇంకులతో కొడితే బూడిద రంగులో పచ్చదనమో గులాబీ ఛాయో తగలొచ్చు. నల్ల ఇంకు ఒక్కదానితో కొట్టమంటే ఆ తేడా ఉండదు, కానీ నలుపు కాస్త పలచబడుతుంది. రెండు రకాలుగానూ ఒక్కో పేజీ తీయించి, ఎండలో పక్కపక్కన పెట్టి చూశాకే మిగతా ఆర్డర్ ఇవ్వండి. పిన్ను బైండింగ్ అయితే పేజీల సంఖ్య 4తో భాగించబడాలి. మొదటి బుక్‌కి 32 పేజీలు చాలు.