ప్యూసిలానిమస్ అంటే ఏంటి? భయపడే ప్రతి ఒక్కరికీ ఈ మాట సరిపోదు!

కరోనా మందుల పేర్లకు నోరు తిరగడం లేదంటూ 2021 మే నెలలో సిరిసిల్ల ఎమ్మెల్యే, అప్పటి మంత్రి కేటీఆర్ ట్వీట్ చేశారు. దీని వెనక శశిథరూర్ హస్తం ఉందేమోనని సరదాగా అనుమానించారు. థరూర్ ఊరుకుంటారా? ‘ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్’ అనే మాట వదిలారు. దేన్నైనా విలువ లేనిదిగా తీసిపారేయడం అని దానర్థం.

అలా నోరు తిరగని మరో ఇంగ్లిష్ మాట ‘ప్యూసిలానిమస్’. అర్థం మాత్రం సింపుల్.. పిరికి.

మాట ఎలా పుట్టింది?

లాటిన్‌లో ‘పుసిల్లస్’ అంటే చాలా చిన్నది, ‘అనిమస్’ అంటే మనసు. మన దగ్గర ‘గుండె లేనోడు’ అంటారు కదా, దాదాపు అదే. పెద్ద మనసు ఉంటే ‘మాగ్నానిమస్’, అందరిదీ ఒకే మనసైతే ‘యునానిమస్’. ఈ మూడూ కలిపి చదివితే ఇక మర్చిపోరు. పిరికితనం అని చెప్పాలంటే ‘ప్యూసిలనిమిటీ’ అనాలి.

భయం వేరు, ఇది వేరు

భయం అందరికీ ఉంటుంది. చేయాల్సిన పని తెలిసీ, చేయగలిగీ, ధైర్యం చాలక వెనక్కి తగ్గితేనే ప్యూసిలానిమస్. తన అర్హత కంటే తనను తక్కువ చేసుకునేవాడి గురించి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. ఈ మాట వెనక ఉన్న ఆలోచన కూడా దాదాపు అదే.

కోరుట్ల నుంచి మొదటిసారి గల్ఫ్ విమానం ఎక్కే కుర్రాడికి గుండె దడదడలాడుతుంది. అయినా వెళ్తాడు. అతను ప్యూసిలానిమస్ కాదు. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు పని పోతుందేమోనని భయపడుతూనే కూలి పెంచమని అడిగితే, అతనికీ ఈ మాట వర్తించదు. అధికారం చేతిలో ఉండి, అక్రమమని తెలిసీ సంతకం పెట్టకుండా ఫైల్ పక్కన పడేసే ఆఫీసర్‌కు మాత్రం సరిగ్గా సరిపోతుంది.

జగిత్యాల చరిత్రే సాక్ష్యం. 1978 సెప్టెంబర్ 7న దొరల పెత్తనానికి ఎదురుతిరిగి వేలాది రైతు కూలీలు అక్కడ కదం తొక్కారు. అదే జగిత్యాల జైత్రయాత్ర. వాళ్లకు భయం లేదా? ఉంది. భయపడాల్సిన కారణాలూ ఉన్నాయి. తర్వాతి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

ఎక్కడ వాడాలి?

మామూలు మాటల్లో ‘కవర్డ్’ చాలు. ప్యూసిలానిమస్ ఎక్కువగా పత్రికల సంపాదకీయాల్లో, చట్టసభల్లో వినిపిస్తుంది. ‘ప్యూసిలానిమస్ డెసిషన్’ అంటే ధైర్యం లేని నిర్ణయం. వినడానికి గొప్పగా ఉన్నా ఇది గట్టి తిట్టే. ఎవరినైనా అనేముందు, వాళ్లకు ఎదిరించే అవకాశం నిజంగా ఉందా అన్నది ఒక్కసారి చూసుకోవాలి.